గెలిచినదానికే బరువు: మెల్‌బోర్న్ కప్పు వారం

శనివారం, 2024 నవంబరు 2

దీపావళి అయి రెండు రోజులే. టార్నీట్‌లో మా అమ్మాయి వాళ్ళింటి గుమ్మం ముందు ప్రమిదల నూనె మరకలు ఇంకా పోలేదు. మెల్‌బోర్న్ పడమటి వైపు ఈ టార్నీట్, వెర్రిబీ చుట్టూ మనవాళ్ళు ఎంత మందంటే, పెరుగు డబ్బా కోసం కొట్టుకు వెళ్తే ముందు ఏ జిల్లా అని అడిగి, తర్వాత బాగున్నారా అంటారు.

"మంగళవారం ఊరంతా సెలవు అత్తయ్యా" అన్నాడు అల్లుడు పొద్దున్నే.

ఏం పండుగ బాబూ అన్నాను.

"గుర్రప్పందెం."

వేళాకోళం అనుకున్నాను. మా ఇంట్లో ఆ మాట గొంతు తగ్గించి అనేవాళ్ళు. మా మేనమామ జీతం రాగానే మలక్‌పేట రేసుకోర్సు దారి పట్టేవాడు. సాయంత్రం తిరిగొస్తే చొక్కా జేబులో నిలువుగా మడిచిన రేసు పుస్తకం, మార్జిన్‌లో పెన్సిల్‌తో ఏవో అంకెలు. "ఒళ్ళొంచి సంపాదించింది గుర్రం తోకకు కట్టొచ్చాడు" అని అమ్మ వంటింట్లోంచి అనేది. అలాంటి పందేనికి సర్కారు వారు సెలవిచ్చే ఊరు ఒకటుందని అమ్మకు తెలిస్తే ఏమనేదో.

సెలవు నిజమే. మెల్‌బోర్న్ కప్పు మొదలైంది 1861లో. నవంబరు మొదటి మంగళవారానికి మారింది 1875లో. ఇంకో రెండేళ్ళకు మెల్‌బోర్న్‌లో సెలవు రోజైంది. అప్పటి నుంచి మన ఉగాది ఆగితే ఆగొచ్చు కానీ ఇది ఆగలేదు. రెండు ప్రపంచ యుద్ధాలప్పుడూ పరిగెత్తారు, కరోనా ఏడాది జనం లేకుండా ఖాళీ స్టాండ్ల ముందు కూడా పరిగెత్తారు.

మధ్యాహ్నం సిటీకి వెళ్తే సదరన్ క్రాస్ స్టేషన్ నిండా నలుపు తెలుపు బట్టల జనం. ఇవాళ డెర్బీ రోజట, కప్పుకి ముందు శనివారం జరిగే ఇంకో పెద్ద పందెం, ఆ రోజుకి ఆ రంగులే ఆచారం. 1965లో ఇదే డెర్బీ రోజున జీన్ ష్రింప్టన్ అనే ఇంగ్లండు మోడల్ టోపీ, గ్లవ్స్, మేజోళ్ళు ఏవీ లేకుండా మోకాలి పైకి ఉన్న గౌనులో వచ్చిందట. పెద్ద మనుషులంతా గుర్రాలను వదిలేసి ఆమె మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. ఇవాళ స్టేషన్‌లో నేను చూసినవాటి ముందు ఆ గౌను గుడికి కట్టుకెళ్ళే చీరలాంటిది.

రాత్రి నాలుగు తెలుగు కుటుంబాలు భోజనానికి వచ్చాయి. గుర్రాల పేర్లు చీటీల మీద రాసి ఇడ్లీ పిండి గిన్నెలో వేశారు. చీటీకి అయిదు డాలర్లు. ఆఫీసుల్లో, బడుల్లో, ఆసుపత్రుల్లో ఈ వారం అందరూ ఆడేది ఇదేనట. నాకు వోబాన్ వచ్చింది, ఒకటో నంబరు. అందరూ ఓహో అన్నారు. "మంచి గుర్రమే, కానీ బరువంతా దానిదే" అన్నాడు అల్లుడు.

మంచి గుర్రానికి బరువెందుకు అని అడిగాను. అక్కడే ఈ వారం మొత్తం నాకు చిక్కుకుపోయింది.

ఇది హ్యాండిక్యాప్ పందెం. అంతకు ముందు బాగా గెలిచిన గుర్రానికి ఎక్కువ బరువు, అంతంత మాత్రం గుర్రానికి తక్కువ. జాకీ, జీను కలిపి తూస్తారు, చాలకపోతే సీసం బిళ్ళలు జీనుకు పెడతారు. అన్నీ ఒకేసారి గీత దాటాలన్నది బరువులు వేసేవాడి ఆశ. అలా ఎప్పుడూ జరగదు కాబట్టే జనం చూస్తారు.

మామయ్య మార్జిన్‌లో రాసుకున్న అంకెలు ఇవేనేమో అని అప్పుడు తోచింది. ఇన్నేళ్ళూ అవి డబ్బు లెక్కలనుకున్నాను.

ఆదివారం, నవంబరు 3

మ్యూజియం. మనవడు డైనోసార్ల వైపు లాగాడు, నేను ముందు గుర్రం అన్నాను.

ఒకప్పుడు కప్పు గెలిచిన ఫార్ ల్యాప్ అనే గుర్రం ఒక చీకటి గదిలో అద్దాల పెట్టెలో నిలబడి ఉంది. అది చనిపోయి తొంభై రెండేళ్ళు. ఎర్ర గోధుమ రంగు చర్మం, పైనుంచి పడే లైటుకు ఇప్పుడే మాలిష్ చేసి తెచ్చినట్టు మెరుస్తోంది. మా ఆయన దాని పక్కన నిలబడితే వీపు ఆయన తలకంటే ఎత్తుంది. దగ్గరికి వెళ్ళి చూశాను. కడుపు కింద, తొడల మీద నరాలు ఉబ్బి కనిపిస్తున్నాయి, పరుగు ఆపి నిమిషం కూడా కానట్టు. చెవులు ముందుకి నిక్కి ఉన్నాయి. పెట్టె చుట్టూ తిరిగిన ప్రతి ఒక్కరూ గొంతు తగ్గించే మాట్లాడుతున్నారు. మనవడు మాత్రం "అమ్మమ్మా, లోపల దూదా?" అని గట్టిగా అడిగాడు.

పుట్టింది న్యూజిలాండులో, 1926లో. థాయ్ భాషలో మెరుపు అని పేరు. హ్యారీ టెల్ఫర్డ్ అనే ట్రైనర్, చేతిలో డబ్బు లేనివాడు, దాని వంశావళి కాగితం మీద చూసి డేవిడ్ డేవిస్ అనే వ్యాపారి చేత 160 గినీలకు కొనిపించాడు. తీరా ఓడ దిగితే మొహం నిండా పులిపిరులు, బక్క ఒళ్ళు. డేవిస్ మండిపడి శిక్షణ ఖర్చు పెట్టనన్నాడు. టెల్ఫర్డ్ మూడేళ్ళకు లీజుకు తీసుకున్నాడు. మొదట్లో వరసగా ఓడింది. తర్వాత మొత్తం 51 పందేల్లో 37 గెలిచింది.

1930 కప్పు వారం సంగతి మా అల్లుడు నిన్న చెబితే సినిమా కథ చెబుతున్నాడనుకున్నాను. శనివారం తెల్లవారుజామున పరుగు ముగించుకుని లాయానికి తిరిగొస్తుంటే కారులో వచ్చిన ఎవరో దాని మీద తుపాకీ పేల్చారు. గురి తప్పింది. అది గెలిస్తే మునిగిపోయే బుకీల పనే అని అందరి అనుమానం. అదే మధ్యాహ్నం అది పందెం గెలిచింది. తర్వాత దాన్ని ఊరికి దూరంగా దాచిపెట్టి, మంగళవారం కప్పుకి ఆఖరి గంటలో తెచ్చారు. 62.5 కిలోలు మోస్తూ, జిమ్ పైక్ స్వారీలో గెలిచింది. ఆ వారం పందేలు జరిగిన నాలుగు రోజులూ పరిగెత్తి నాలుగూ గెలిచింది.

మరుసటి ఏడాదికి బరువు 68 కిలోలు చేశారు. ఎనిమిదో స్థానంలో వచ్చింది. గెలిచిన వైట్ నోస్ మోసింది 43.5 కిలోలు. ఇరవై నాలుగున్నర కిలోల తేడా! పాతిక కిలోల బియ్యం బస్తా ఒకటి వీపు మీద అదనంగా వేసి, రెండు మైళ్ళు పరిగెత్తి చూడమన్నట్టు. ఓడింది గుర్రం కాదని నాకనిపిస్తుంది, కానీ రికార్డు పుస్తకంలో ఎనిమిది అనే ఉంటుంది.

1932లో అమెరికాలో ఉండగా రోజు తిరగకుండా నొప్పితో మెలికలు తిరిగి చనిపోయింది. దాన్ని పసిపిల్లాడిలా సాకిన టామీ వుడ్‌కాక్ పక్కనే ఉన్నాడు. వెంట్రుకల పరీక్షల్లో ఆర్సెనిక్ ఆనవాళ్ళు తేలాయి. ఎవరైనా పెట్టారా, ఆ రోజుల్లో గుర్రాలకు పట్టించే టానిక్కుల్లోంచి వచ్చిందా అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. చర్మం ఇక్కడ, ఎముకలు వెల్లింగ్టన్‌లో, ఆరు కిలోలు దాటిన గుండె కాన్‌బెరాలో. రెండు దేశాలు పంచుకున్నాయి.

బయటికి వచ్చాక డైనోసార్లు చూశాం. అవీ బాగున్నాయి.

సోమవారం, నవంబరు 4

పని లేదని వెర్రిబీ వైపు వెళ్ళాం, కారులో పావుగంట. మనవాళ్ళు వారానికోసారి కూరగాయలకు తిరిగే ఈ వెర్రిబీలోనే పరదేశపు గుర్రాలను క్వారంటైన్‌లో ఉంచుతారు. ఐర్లాండు, ఇంగ్లండు, జపాన్ గుర్రాలు విమానంలో దిగి నేరుగా ఇక్కడికే వస్తాయి. లోపలికి ఎవరినీ రానివ్వరు. కంచె, దూరంగా రేకుల కప్పులు, అంతే కనిపించింది. నా వోబాన్ వచ్చింది ఐర్లాండు నుంచే. అటు వైపు చెయ్యి ఊపాను. మా ఆయన చుట్టూ చూశారు, ఎవరైనా గమనించారేమోనని.

గుర్రాలు దూరం నుంచి రావడం ఈ పందేనికి మొదటి నుంచీ ఉన్నదే. మొదటి కప్పు గెలిచిన ఆర్చర్‌ది సిడ్నీకి దక్షిణాన నౌరా దగ్గరి ఊరు. అక్కడి నుంచి మెల్‌బోర్న్‌కు ఎనిమిది వందల కిలోమీటర్లు నడిపించుకొచ్చారని కథ. వినడానికి బాగుంటుంది. నిజానికి స్టీమరులో వచ్చింది. 1862లో మళ్ళీ గెలిచింది. 1863కి దాని నెత్తిన డెబ్భై కిలోలకు పైగా పెట్టారు. ట్రైనర్ ఎటియెన్ డి మెస్ట్ర సరే అని టెలిగ్రాం కొట్టాడు. ఆ రోజు మెల్‌బోర్న్‌లో సెలవు కావడంతో టెలిగ్రాం గడువు దాటాక చేరింది. కుదరదన్నారు. కోపంతో బయటి రాష్ట్రాల వాళ్ళంతా తమ గుర్రాలను వెనక్కి తీసుకుంటే చివరికి ఏడంటే ఏడు పరిగెత్తాయి. టెలిగ్రాం ఆలస్యమై పెళ్ళిళ్ళు తప్పిపోయిన కథలు మన దగ్గర విన్నాను, గుర్రప్పందెం తప్పిపోవడం ఇదే వినడం.

ఇటు నుంచి అటు కూడా ఓడలు నడిచాయి. న్యూ సౌత్ వేల్స్ గుర్రాలను ఏళ్ళ తరబడి మద్రాసు రేవుకు ఓడల్లో ఎక్కించి బ్రిటిష్ ఇండియా సైన్యానికి అమ్మారు. ఆ వేల్స్ మాట నుంచే వాటికి వేలర్లు అని పేరు. ఇక్కడి గడ్డి తిన్న గుర్రాలు మన ఎండలో ఎలా బతికాయో. మేం ఇక్కడి చలికి వణికినట్టే అవి అక్కడ చెమటోడ్చి ఉంటాయి.

న్యూజిలాండు దాటి, అటు ఉత్తరార్ధ గోళంలో శిక్షణ పొంది వచ్చిన గుర్రం మొదటిసారి గెలిచింది 1993లో, ఐర్లాండు వింటేజ్ క్రాప్. అప్పటిదాకా అంత దూరం విమానంలో వచ్చి గెలవడం అయ్యే పని కాదనుకున్నారు. 2006లో జపాన్ గుర్రాలు మొదటి రెండు స్థానాలూ పట్టుకుపోయాయి.

సాయంత్రం అమ్మాయి స్నేహితురాలు ఒకామె వచ్చింది. ఆమె రేపు టీవీ కూడా పెట్టదట. "నప్ టు ద కప్" అనే వాళ్ళలో, అంటే గుర్రాలకు హింస అని ఈ కప్పే వద్దనేవాళ్ళలో ఒకతె. 2013 నుంచి 2020 దాకా ఈ ఒక్క పందెంలోనే పరిగెత్తి ఆరు గుర్రాలు చనిపోయాయని వేళ్ళ మీద పేర్లు లెక్కపెట్టింది. 2020లో ఆంథొనీ వాన్ డైక్ పోయాక నిబంధనలు గట్టి చేశారు, పరదేశపు గుర్రాలకు కాళ్ళ స్కానింగ్ తప్పనిసరి. ఈ ఏడాది యాన్ బ్రూగెల్ అనే ఐర్లాండు గుర్రాన్ని అలాగే పశువైద్యులు వద్దన్నారు. దాని మనుషులు గుర్రం బాగానే ఉందని మండిపడ్డారు. నాకైతే డాక్టర్లు చేసిందే సబబనిపించింది. కానీ రేపు నేను వెళ్తున్నాను. ఆ మాట ఆమెకు చెప్పి, ఇంకో గారె వేశాను. తిన్నది.

మంగళవారం, నవంబరు 5

చీర కట్టాను, పసుపు పచ్చ గద్వాల. కప్పు రోజు పువ్వు పసుపు గులాబీ అని అమ్మాయి చెప్పింది కాబట్టి. తలకు టోపీ బదులు ఈకలూ వలా కలిపి కుట్టిన ఫాసినేటర్ ఒకటి పెడతానంది. కొప్పులో అది నిలవలేదు. రైల్లో నా పక్కన కూర్చున్న తెల్లావిడ తన పిన్నులు రెండు తీసి, లేచి నిలబడి, ఊగుతున్న రైల్లోనే గుచ్చింది. ఫ్లెమింగ్టన్ రేసుకోర్సు స్టేషన్లో దిగేసరికి అది కాస్త పక్కకు వాలి, కోడిపుంజు జుట్టులా ఉంది. ఎవరూ నవ్వలేదు. అక్కడ అందరి తలలూ అలాగే ఉన్నాయి.

గులాబీలు 16 వేలకు పైగా మొక్కలట, గోడ కట్టినట్టు పూశాయి. ఫార్ ల్యాప్ కంచు విగ్రహం దగ్గర ఫొటోకు వరసలో నిలబడాలి. బార్ట్ కమింగ్స్ విగ్రహం కూడా ఉంది. పన్నెండు కప్పులు గెలిచిన ట్రైనర్. చిన్నప్పుడు ఆయన ఉబ్బసం చూసి డాక్టరు గుర్రాలు నీకు పడవు అన్నాడట. పదకొండో కప్పు తెచ్చిన గుర్రం పేరు రోగన్ జోష్. మా ఆయన ఈ మాట విన్నప్పటి నుంచి ఆకలంటున్నారు.

మధ్యాహ్నం గుర్రాలను తిప్పే చోట కంచెకు ఆనుకుని నిలబడ్డాను. అక్కడే నా కళ్ళ ముందు చూసింది చెబుతాను. ఒక పెద్దాయన గుర్రం వీపు మీద ముందు పలుచటి మెత్త వేశాడు. దాని మీద నంబరు గుడ్డ. ఆ తర్వాత అరచెయ్యి వెడల్పు జేబులున్న తోలు పట్టీ. జీను దాని మీద పెట్టి, పట్టీ బిగించి, జేబులు ఒక్కోటీ వేళ్ళతో నొక్కి చూశాడు, మన ఆడవాళ్ళు బస్సెక్కే ముందు పర్సు తడుముకున్నట్టు. గుర్రం చెవులు ఒకసారి వెనక్కి పెట్టి మళ్ళీ ముందుకు తెచ్చింది. అంతే. అంతకు మించి అది అభ్యంతరం చెప్పలేదు.

కంచె దగ్గరే నిలబడి అల్లుడు కార్బైన్ గురించి చెప్పాడు. 1890లో 66 కిలోలు మోసి, 39 గుర్రాల గుంపులో గెలిచింది. అంత బరువుతో కప్పు గెలిచింది ఇంకోటి లేదు, అంత గుంపూ మళ్ళీ పరిగెత్తలేదు. ఇప్పుడు 24 మించనివ్వరు. 2003, 2004, 2005 వరసగా మూడుసార్లు గెలిచిన ఒకే ఒక్క గుర్రం మకైబీ దివా, ఆడ గుర్రం. ఏడాదికేడాది బరువు పెంచుకుంటూ పోయారు, మూడోసారికి 58 కిలోలు. అయినా గెలిచింది. దాని యజమాని ట్యూనా చేపల వ్యాపారి. తన దగ్గర పనిచేసే అయిదుగురు ఆడవాళ్ళ పేర్లలో మొదటి రెండేసి అక్షరాలు కలిపి ఆ పేరు పెట్టాడు.

ఆడవాళ్ళ మాట వచ్చింది కాబట్టి. 1938లో కేటలాగ్ అనే గుర్రాన్ని తయారు చేసి తెచ్చింది మెక్‌డొనాల్డ్ అనే న్యూజిలాండు పెద్దావిడ. ఇక్కడ ఆడవాళ్ళకు ట్రైనర్ లైసెన్సు లేదు. అందుకని పుస్తకంలో భర్త పేరు రాశారు. 2001లో షీలా లాక్సన్ తన పేరుతోనే గెలిచింది. 2015లో మిషెల్ పేన్ జాకీగా గెలిచిన మొదటి స్త్రీ. ఆ గుర్రం మీద పందెం ఒకటికి వంద. దాన్ని చూసుకునేవాడు డౌన్ సిండ్రోమ్ ఉన్న ఆమె అన్న స్టీవీ. గేటు నంబరు లాటరీ తీసిందీ అతనే, ఒకటో నంబరు.

మూడు గంటలు. 3,200 మీటర్లు. మొదలు పెట్టగానే స్టాండ్ల ముందు నుంచే ఒకసారి వెళ్ళిపోతాయి. ముందు నేల అదిరింది, తర్వాత చప్పుడు, ఆ తర్వాత రంగులు. వోబాన్‌ను పట్టుకునేలోపే దాటిపోయాయి. అవతలి వైపుకి వెళ్ళాక రంగురంగుల చీమల వరస. చివరి మలుపు తిరిగి ఎదురుగా వచ్చేటప్పుడు 90 వేల మంది ఒకేసారి అరుస్తారు. ఏ భాషో తెలియదు, నేనూ అరిచాను. వెనక నుంచి ఒక గుర్రం వచ్చి, జపాన్ గుర్రం వార్ప్ స్పీడ్ పక్కన చేరింది. రెండూ కలిసి గీత దాటాయి. అందరూ ఒక్కసారిగా నోరు మూసుకుని పెద్ద తెర వైపు తిరిగారు.

ఫొటో వచ్చింది. ముక్కు తేడా. నైట్స్ చాయిస్. ఒకటికి తొంభై. ఎవరా గుర్రం అని మా చుట్టూ ఉన్నవాళ్ళంతా పుస్తకాలు తిరగేస్తున్నారు. జాకీ రాబీ డోలన్, టీవీ పాటల పోటీలో పాడిన ఐర్లాండు కుర్రాడు. ట్రైనర్లు జాన్ సైమన్స్, షీలా లాక్సన్. అదే లాక్సన్, ఇరవై మూడేళ్ళ తర్వాత. నా వోబాన్ ఎక్కడో వెనక వచ్చింది. గెలిచినదానికంటే నాలుగు కిలోల దాకా ఎక్కువ మోసింది మరి. అయిదు డాలర్లు పోయాయి.

గిన్నెలో నైట్స్ చాయిస్ చీటీ ఎవరికి వచ్చిందా అని చూస్తే, నిన్నటి గారెల అమ్మాయి. శనివారం రాత్రి మొహమాటానికి ఆమె పేరున ఒకటి తీశారట. డబ్బు గుర్రాల ఆశ్రమానికి ఇచ్చేస్తానంది.

బుధవారం, నవంబరు 6

కాళ్ళు పీకేస్తున్నాయి, ఎక్కడికీ వెళ్ళలేదు.

సాయంత్రం మామయ్యకు ఫోన్ చేశాను. ఎనభై ఆరేళ్ళు, సైదాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. రేసుకోర్సుకు పోక ఇరవై ఏళ్ళయింది. చెవులు సరిగా వినిపించవు.

"మామయ్యా, నేను మెల్‌బోర్న్ కప్పు చూశాను" అన్నాను గట్టిగా. మా ఇంట్లో ఎవరూ ఆయనతో ఇన్నేళ్ళలో గుర్రం మాట ఎత్తలేదు.

అటు కాసేపు ఏమీ లేదు. లైను కట్టయిందనుకున్నాను. గెలిచిన గుర్రం పేరు చెప్పాను. వినిపించలేదు, మళ్ళీ చెప్పాను.

"పేరు సరేగానీ, బరువెంత?" అన్నాడు.

నిన్నటి రేసు పుస్తకం సంచిలోనే ఉంది. కళ్ళజోడు పెట్టుకుని తెచ్చి, మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. ఒకటి, వోబాన్, యాభై అయిదున్నర. ఒక్కో అంకె దగ్గరా ఆయన ఊఁ అంటున్నాడు. సగంలో ఆపితే, "ఆ తర్వాతది?" అని అడిగాడు.